స్విచ్ ఆపినా వెలుగుతున్న బల్బు, ఇంట్లో కరెంటు చేసే వింతలు

తెనాలి శ్రావణి

మా అమ్మవాళ్ళ ఇంట్లో పాత ట్యూబ్‌లైట్ తీయించి ఎల్‌ఈడీ బల్బు పెట్టించాం. పగలు ఏమీ తెలియడం లేదు. రాత్రి అన్నీ ఆపేసి పడుకున్నాక చూస్తే ఆ బల్బు సన్నగా వెలుగుతూనే ఉంది, చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. అమ్మకి అది చూసి టెన్షన్, ఎక్కడో షార్ట్ అవుతోందని. బల్బే పాడైందనుకుని వేరే కంపెనీది పెట్టినా అదే తీరు. ఎవరికైనా ఇలా జరిగిందా?

ఇది అడుగుతుంటే ఇంకా చాలా గుర్తొస్తున్నాయి. ఫ్రిజ్ తలుపు తడిచేత్తో పట్టుకుంటే ఒక్కోసారి జిల్లుమంటుంది, ఫ్యాన్ రెక్కకి ఒక అంచునే దుమ్ము అట్టలా కడుతుంది, ఇన్వర్టర్ మీద ఫ్యాన్ గుయ్యిమంటుంది. రోజూ చూస్తాం, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు. తెలిసినవాళ్ళు చెప్పండి, మీరు గమనించినవి కూడా రాయండి.

వైరింగ్ వెంకట్

అమ్మా, బల్బులో తప్పేమీ లేదు. ఎల్‌ఈడీ వెలగడానికి చాలా కొంచెం కరెంటు చాలు. పాత ఫిలమెంట్ బల్బులో అంత కొంచెం కరెంటు పోయినా మనకి కనిపించేది కాదు, ఇప్పుడు కనిపిస్తోంది. నేను పనికి వెళ్ళే ఇళ్ళలో దీనికి మూడు కారణాలు చూస్తుంటాను. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ దీపం ఉంటే ఆ దీపం గుండా పోయే కాస్త కరెంటే బల్బుని వెలిగిస్తుంది. లేదా రెండు వైర్లు ఒకే పైపులో చాలా దూరం పక్కపక్కనే వెళ్తే తగలకపోయినా ఒకదాని నుంచి ఇంకోదానికి కొద్దిగా వోల్టేజి వస్తుంది. ఈ రెండింటితో ప్రమాదం లేదు.

మూడోది మాత్రం సరిచేయించాల్సిందే. స్విచ్ ఎప్పుడూ ఫేజ్ వైరు, అంటే కరెంటు వచ్చే వైరు మీద ఉండాలి. పాత ఇళ్ళలో పొరపాటున న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి పోయే వైరు మీద పెట్టి ఉంటారు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్ దాకా ఫేజ్ వచ్చి నిలబడే ఉంటుంది. బల్బు ఆరిపోయినట్టే ఉంటుంది, స్విచ్ ఆపాం కదా అని బల్బు మార్చడానికి స్టూల్ ఎక్కినవాళ్ళు హోల్డర్‌లో వేలు తగిలితే షాక్ కొట్టి కింద పడతారు. కాబట్టి మీరు స్వయంగా ఏమీ చూడొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి "ఈ స్విచ్‌కి ఫేజ్ వస్తోందా, న్యూట్రల్ వస్తోందా" అని అడగండి. అయిదు నిమిషాల్లో తేలిపోయే పని. అప్పటిదాకా ఆ బల్బు ముట్టుకోవాల్సి వస్తే మెయిన్ ఆపి ముట్టుకోండి.

కర్నూలు కిరణ్

మా ఇంట్లో ఒక బల్బు వెలుగుతూ ఉండదు, ఆగి ఆగి టక్కున మెరిసి ఆరిపోతుంది. అది కూడా ఇదేనా అన్నా?

వైరింగ్ వెంకట్

అదే. బల్బు లోపల డ్రైవర్ అని చిన్న సర్క్యూట్, అందులో కెపాసిటర్ ఉంటాయి. వచ్చే కొద్ది కరెంటు చుక్కచుక్కగా బిందె నిండినట్టు ఆ కెపాసిటర్‌లో చేరుతుంది, నిండగానే ఒక్కసారి మెరిసి ఖాళీ అవుతుంది, మళ్ళీ నిండడం మొదలవుతుంది.

బందరు బాబాయి

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న టెస్టర్ గురించే. టెస్టర్ వెనక వేలు పెడితేనే దీపం వెలుగుతుంది, అంటే కరెంటు మన ఒంట్లోంచి పోతోందన్నమాట, మరి షాక్ ఎందుకు కొట్టదు? ఇది తెలివైన ప్రశ్న. టెస్టర్ లోపల నియాన్ దీపంతో పాటు చాలా పెద్ద రెసిస్టర్ ఉంటుంది, మెగా ఓమ్ స్థాయిలో. 230 వోల్టులు ఉన్నా దాని గుండా ఒక మిల్లీ ఆంపియర్‌లో కొంత భాగమే పోతుంది, అంత తక్కువ మన చర్మానికి తెలియదు. ఆ రెసిస్టర్ పాడైన టెస్టర్, తడిసిన టెస్టర్ ప్రాణం తీస్తాయి. అందుకే ఫుట్‌పాత్ మీద దొరికే చవక టెస్టర్ కొనొద్దని మా పిల్లలకి చెప్పేవాణ్ణి.

ఇంకో సంగతి. చెక్క బల్ల మీద నిలబడి చూసినా టెస్టర్ మసగ్గా వెలుగుతుంది. నేలకి దారే లేదు కదా, ఎలా? ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు ఇటూ అటూ మారుతుంది, మన ఒళ్ళూ నేలా కలిసి ఒక చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తాయి, కాబట్టి తగలకపోయినా కాస్త కరెంటు కదులుతుంది. శ్రావణమ్మ చెప్పిన బల్బు సంగతి కూడా మూలంలో ఇదే.

ఫ్యాన్ రెక్క దుమ్ముకి వస్తే, తిరిగేటప్పుడు ముందుండే అంచు గాలిని నేరుగా ఢీకొడుతుంది. గాలి రెక్క చుట్టూ తిరిగి పక్కకి తప్పుకుంటుంది, గాలిలో ఉన్న ధూళి అంత చురుగ్గా తప్పుకోలేక ఆ అంచుకే వచ్చి అతుక్కుంటుంది. ఒకసారి అంటుకున్నది మళ్ళీ ఎగిరిపోదు, ఎందుకంటే రెక్కని ఆనుకుని ఉన్న పలుచటి గాలి పొర రెక్కతో పాటే తిరుగుతుంది. వంటగదికి దగ్గరున్న ఫ్యాన్‌కి నూనె ఆవిరి కూడా తోడై జిడ్డుగా ఉంటుంది.

లెక్కల మాధవి

మీటర్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను, నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. మీ డిజిటల్ మీటర్ ముందు భాగంలో ఒక ఎర్ర దీపం మెరుస్తూ ఉంటుంది చూడండి. దాని పక్కనే 3200 అనో, ఇంకో అంకో రాసి ఉంటుంది. అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అని అర్థం. ఇది తెలిస్తే ఇంట్లో ఏ వస్తువు ఎంత తింటోందో వాచీతో కనుక్కోవచ్చు, ఏ పరికరమూ కొననక్కర్లేదు.

ఎలాగంటే, ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్క ఫ్యాన్ మాత్రం వేయండి. దీపం ఒకసారి మెరిసాక మళ్ళీ మెరవడానికి 15 సెకన్లు పట్టిందనుకుందాం. గంటకి 3600 సెకన్లు, అంటే 240 మెరుపులు. 240ని 3200తో భాగిస్తే 0.075 యూనిట్. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్ కాబట్టి ఆ ఫ్యాన్ 75 వాట్లు లాగుతోంది. మామూలు పాత ఫ్యాన్‌లు ఇంచుమించు ఇంతే. అదే బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారుది అయితే ఒక మెరుపుకి ముప్పై సెకన్లు దాటుతుంది.

నేనిలా చూస్తుంటే ఒకరోజు అన్నీ ఆపేసినా దీపం మెరుస్తోంది. ఒక్కొక్కటీ ప్లగ్గు తీస్తూ పోతే టీవీ దగ్గరున్న సెట్‌టాప్ బాక్స్ దొరికింది. రిమోట్‌తో ఆపినా అది నిజంగా ఆగదు, వెచ్చగానే ఉంటుంది చెయ్యి పెట్టి చూడండి. పది వాట్లు అనుకున్నా రోజంతా ఉంటే నెలకి ఏడు యూనిట్లు. అది చిన్న అంకెలా ఉంటుంది గానీ మన బిల్లు స్లాబుల్లో ఉంటుంది కదా, స్లాబు అంచున ఉన్నవాళ్ళకి ఆ ఏడు యూనిట్లే తేడా తెస్తాయి. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద అర్హులైన వాళ్ళకి నెలకి 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, 201 అయితే ఆ నెలకి మొత్తం కట్టాలి. మా వీధిలో నెలాఖరు వచ్చేసరికి మీటర్ దగ్గరికి వెళ్ళి చూసుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి.

కర్నూలు కిరణ్

మాధవి అక్కా, ఇది చదివి వెంటనే చూశాను, మా మీటర్ మీద 3200 అనే ఉంది. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు మెరుపు ఒక్కసారిగా వేగం పెరిగింది. చాలా బాగుంది.

ఫ్యాన్ స్పీడ్ తగ్గిస్తే కరెంటు తగ్గుతుందా, తగ్గదా? మా నాన్న తగ్గదంటాడు, నేను తగ్గుతుందంటాను. ఇంట్లో ఎప్పుడూ ఇదే వాదన.

వైరింగ్ వెంకట్

నాన్నగారు చెప్పేది పాత రెగ్యులేటర్ గురించి అయి ఉంటుంది. ఇదివరకు గోడకి పెద్ద నల్ల పెట్టెలా ఉండేది, లోపల రెసిస్టెన్స్ వైరు చుట్టి ఉండేది. స్పీడ్ తగ్గిస్తే ఫ్యాన్‌కి పోవాల్సిన దాంట్లో కొంత ఆ వైరులో వేడిగా పోయేది, చెయ్యి పెడితే కాలేది. మొత్తం మీద కాస్త తగ్గేది గానీ ఫ్యాన్ తగ్గినంత తగ్గేది కాదు. ఇప్పటి చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లలో ఆ నష్టం లేదు, స్పీడ్ తగ్గిస్తే బిల్లు కూడా తగ్గుతుంది. మాధవి గారి పద్ధతిలో మీటర్ దగ్గర నిలబడి నాన్నగారికి చూపించండి, వాదన తేలిపోతుంది.

ఫ్యాన్ స్లో అయిందని నాకు ఫోన్ చేసేవాళ్ళలో చాలామందికి పోయేది కండెన్సరే, అంటే కెపాసిటర్. మామూలు సీలింగ్ ఫ్యాన్‌కి 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది. సింగిల్ ఫేజ్ మోటారుకి తనంతట తాను తిరుగుడు మొదలుపెట్టే బలం ఉండదు, రెండో చుట్టకి కరెంటుని కాస్త ముందుకి జరిపి ఆ తోపు ఇచ్చేది కండెన్సర్. అది పూర్తిగా పోతే ఫ్యాన్ గుయ్యిమంటూ నిలబడిపోతుంది, కర్రతో ఎటు తోస్తే అటు తిరుగుతుంది, వెనక్కి తోస్తే వెనక్కే తిరుగుతుంది. కండెన్సర్ ఖరీదు చాలా తక్కువ. ఇది తెలియక ఫ్యానే మార్చేసుకునేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

తెనాలి శ్రావణి

బీఎల్‌డీసీ ఫ్యాన్ నిజంగా అంత పొదుపా? ధర ఎక్కువ కదా. అమ్మవాళ్ళింట్లో రెండు ఫ్యాన్లు దాదాపు రోజంతా తిరుగుతాయి.

లెక్కల మాధవి

లెక్క వేసి చూపిస్తాను. 75 వాట్ల ఫ్యాన్ రోజుకి 16 గంటలు తిరిగితే 1.2 యూనిట్లు. 30 వాట్లది అయితే 0.48. తేడా రోజుకి 0.72, నెలకి 21 యూనిట్ల పైన, అదీ ఒక్క ఫ్యాన్‌కి. మీకు పడే ఆఖరి స్లాబు రేటుతో దాన్ని గుణించుకోండి, ఎన్ని నెలల్లో ధర వెనక్కి వస్తుందో తెలుస్తుంది. రోజంతా తిరిగే గదికి తప్పకుండా లాభం. చుట్టాలొస్తేనే వేసే గదికి అనవసరం. కొనేటప్పుడు స్టార్ లేబుల్ చూడండి, 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్‌లకి స్టార్ రేటింగ్ తప్పనిసరి చేశారు. ఇంకో లాభం, ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు వస్తుంది. మామూలు ఫ్యాన్ ఇన్వర్టర్ మీద గుయ్యిమనడం కూడా ఆ ఇన్వర్టర్ ఇచ్చే స్క్వేర్ వేవ్ కరెంటు వల్లే, మోటారుకి కావల్సింది నున్నటి అల. సైన్ వేవ్ ఇన్వర్టర్ పెడితే ఆ శబ్దం ఉండదు.

బందరు బాబాయి

ఒక్క మాట. ఫ్యాన్ గదిని చల్లబరచదు. మోటారు వేడి కలిసి గది ఇంకొంచెం వేడెక్కుతుంది కూడా. మన ఒంటి చెమటని త్వరగా ఆరేలా చేయడమే ఫ్యాన్ పని, ఆ ఆరడంలో మనకి చల్లదనం. మనిషి లేని గదిలో "చల్లబడుతుందిలే" అని ఫ్యాన్ వేసి ఉంచడం వల్ల ఏమీ లేదు.

కూలర్ కూడా ఇదే సూత్రం. నీళ్ళు ఆవిరవుతూ గాలిలోంచి వేడిని లాగుతాయి. గాలి పొడిగా ఉంటేనే నీళ్ళు ఆవిరవుతాయి. మా బందరులో ఉక్కపోత రోజున కూలర్ పెడితే ఇంకా జిగటగా ఉంటుంది. కిరణ్ వాళ్ళ కర్నూలులో, అనంతపురంలో, హైదరాబాదులో ఏప్రిల్ నెలలో అదే కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది. కూలర్ పెట్టినవాళ్ళు కిటికీ తెరిచి ఉంచాలి, తడిగాలి బయటికి పోవాలి. ఏసీలాగా తలుపులన్నీ బిగించుకుంటే కాసేపటికి గది అంతా చెమ్మ అయిపోయి పనిచేయడం మానేస్తుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ, మా చిన్నప్పుడు కిటికీలకి వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లేదీ ఈ లెక్కనే. కుండకి బయట రంగు వేయించేవాళ్ళు ఉన్నారు, చూడ్డానికి బాగుంటుంది గానీ మట్టి రంధ్రాలు మూసుకుపోయి నీళ్ళు చల్లబడవు.

పాలమూరు రైతుబిడ్డ

ఇంటి ముచ్చట్లు బాగున్నయి, నేను పొలం దగ్గరి సంగతి చెప్తాను. మా బాపు బోరు మోటారుని ఫోన్ చేసి వేస్తాడు. స్టార్టర్ డబ్బా పక్కన ఇంకో చిన్న డబ్బా ఉంటది, అందులో సిమ్ కార్డు. ఇంట్లో కూర్చుని ఆ నంబర్‌కి ఫోన్ చేసి మోటారు వేయొచ్చు, ఆపొచ్చు. త్రీఫేజ్ కరెంటు వస్తే అదే మనకి ఫోన్ చేస్తది. పట్నంలో వాళ్ళకి స్మార్ట్ హోమ్ అంటే కొత్త, మా ఊళ్ళో చదువు రాని పెద్దవాళ్ళు కూడా ఎన్నో ఏండ్ల నుంచి ఫోన్‌తో మోటార్లు నడుపుతున్నరు. దీని విలువ తెలియాలంటే ఇదివరకటి రోజులు చూసి ఉండాలి. కరెంటు రాత్రి ఏ టైముకి వస్తదో తెలియదు, వచ్చినప్పుడు టార్చి పట్టుకుని గట్ల మీద నడిచి పోయి మోటారు వేయాలి. చీకట్ల పాము కరిచి చనిపోయినవాళ్ళు, తడి చేతితో స్టార్టర్ పట్టుకుని చనిపోయినవాళ్ళు చుట్టుపక్కల ప్రతి ఊళ్ళో ఉన్నరు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నప్పుడు మా దగ్గర అందరికీ ముందు గుర్తొచ్చింది ఆ రాత్రి నడకలే.

అప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పిన్రు. ఎందుకంటే కరెంటు రాగానే అందరి మోటార్లు ఒక్కసారే లేస్తయి, మోటారు లేచేటప్పుడు మామూలుగా తిరిగేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ లాగుతది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతది. పైగా అవసరం ఉన్నా లేకున్నా నీళ్ళు పారి బోర్లు ఎండిపోతయి.

స్టార్టర్ బోర్డు మీద మూడు బల్బులు ఎందుకు పెడతరో తెలుసా? మూడు ఫేజులకి మూడు. ఒకటి ఆరిపోతే ఒక ఫేజు లేదని అర్థం, ఆ టైములో మోటారు వేస్తే మూలిగి మూలిగి కాలిపోతది. రైతుకి మోటారు కాలిందంటే వైండింగ్ ఖర్చు ఒకటే కాదు, అది బాగై వచ్చేలోపు పంట ఎండుతది.

కర్నూలు కిరణ్

అన్నా, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే గుంయ్ అని ఒకటే శబ్దం వస్తుంది కదా, లోపల కదిలేదేమీ లేనప్పుడు ఆ శబ్దం ఎక్కడిది?

బందరు బాబాయి

లోపలి ఇనుప రేకులు అయస్కాంతం అయినప్పుడల్లా వెంట్రుకవాసి సాగి మళ్ళీ కుంచించుకుంటాయి. కరెంటు సెకనుకి 50 ఆవృత్తాలు, ఒక్కో ఆవృత్తంలో రెండుసార్లు సాగుతాయి కాబట్టి మనకి వినిపించేది 100 హెర్ట్జ్ శబ్దం. దేశంలో ఏ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్ళినా అదే స్వరం.

ఈ 50 గురించి మరో గొప్ప విషయం ఉంది. 2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్, అంటే ఆ రాష్ట్రాలన్నిటినీ కలిపే కరెంటు లైన్ల వల కూలింది, మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ కూలిపోయి కోట్లమంది చీకట్లో ఉన్నారు. మన దక్షిణాదికి ఏమీ కాలేదు, ఎందుకంటే అప్పటికి మన గ్రిడ్ వాటితో ఒకే లయలో కలిసిలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కేవీ లైనుతో కలిపారు. అప్పటి నుంచి దేశమంతా ఒకే గ్రిడ్, ఒకే ఫ్రీక్వెన్సీ. కాశ్మీరులో ఒక మోటారు లేచినా సిద్ధాంతరీత్యా ఆ భారం బందరులో ఫ్యాన్ మీద కూడా రవ్వంత పడుతుంది. పాఠం చెప్పేటప్పుడు ఇది తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరించేది.

డాలస్ పద్మ

ఇక్కడ 60 హెర్ట్జ్, 120 వోల్టులు. ఇండియా నుంచి మిక్సీ తెచ్చుకున్న తెలుగువాళ్ళు లేని అపార్ట్‌మెంట్ ఉండదు, అల్లం పచ్చడీ పప్పు రుబ్బడమూ ఇక్కడి బ్లెండర్ వల్ల కాదు. స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే మిక్సీ బాగానే తిరుగుతుంది, అందులో ఉండేది కార్బన్ బ్రష్‌ల మోటారు, దానికి 50 అయినా 60 అయినా ఒకటే. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మిక్సీ వాట్లకి రెట్టింపుది కొనాలి, చిన్నది కొంటే వేడెక్కి వాసన వస్తుంది. గ్రైండర్ అలా కాదు. దానిది ఇండక్షన్ మోటారు, ఫ్రీక్వెన్సీ మారితే స్పీడే మారిపోతుంది, 60 మీద అయిదో వంతు ఎక్కువ తిరుగుతుంది. గ్రైండర్ కావాలంటే ఇక్కడి కరెంటుకి చేసిందే కొనుక్కోండి.

నేను వచ్చిన కొత్తలో నాకు ఆశ్చర్యం కలిగించింది బాత్‌రూమ్ ప్లగ్గు. దాని మీద టెస్ట్, రీసెట్ అని రెండు చిన్న బటన్లు. కరెంటు కాస్త మన ఒంట్లోకి పోయినా, దాదాపు 5 మిల్లీ ఆంపియర్లకే, టక్కున ఆపేస్తుంది. సింకు దగ్గర, బాత్‌రూమ్‌లో ఇది లేకుండా కొత్త ఇల్లు కట్టనివ్వరు. మన దగ్గర గీజర్ షాక్‌తో చనిపోయారన్న వార్త చదివినప్పుడల్లా ఇది గుర్తొచ్చి కడుపు తరుక్కుపోతుంది.

వైరింగ్ వెంకట్

పద్మగారు ఈ మాట ఎత్తినందుకు సంతోషం. మన దగ్గర కూడా ఉంది, ఆర్‌సీసీబీ అంటారు, మెయిన్ బోర్డులో పెడతాం. ఇళ్ళకి 30 మిల్లీ ఆంపియర్లది. ఫేజ్‌లో ఎంత వెళ్ళిందో న్యూట్రల్‌లో అంతే తిరిగి రావాలి. తేడా వచ్చిందంటే ఎక్కడో మనిషి గుండా, తడిగోడ గుండా నేలలోకి పోతోందని అర్థం, సెకనులో చిన్న భాగంలోనే ఆపేస్తుంది. ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైనా షార్ట్ అయినా పడిపోయే స్విచ్ ఉంది కదా, చాలదా అని అందరూ అడుగుతారు. చాలదు. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే 16 దాటాలి, మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. గ్రానైటు నేలకీ, ఫాల్స్ సీలింగ్‌కీ లక్షలు పెట్టి ఇది దగ్గరికొచ్చేసరికి "తర్వాత చూద్దాం" అనేవాళ్ళతో నేను ప్రతిసారీ గొడవ పడతాను.

ఫ్రిజ్ జిల్లుమనడం ఎర్తింగ్, అంటే లీకైన కరెంటుని నేలలోకి పంపే వైరు లేకపోవడం వల్ల. త్రీ పిన్ ప్లగ్గులో పైన లావుగా, పొడుగ్గా ఉండే పిన్ను ఎర్త్. పొడుగు ఎందుకంటే ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు అది తగలాలి, తీసేటప్పుడు చివర ఊడాలి. లావు ఎందుకంటే పొరపాటున వేరే రంధ్రంలో దూరకూడదు. ప్లగ్గు పట్టడం లేదని ఆ పిన్ను కోసేసే మనుషులున్నారు, దయచేసి ఆ పని చేయకండి. సాకెట్‌లో ఎర్త్ రంధ్రం ఉన్నంత మాత్రాన వెనక వైరు ఉందని కూడా అనుకోవద్దు, పాత ఇళ్ళలో చాలాచోట్ల ఉండదు. ఇంటి పక్కన ఎర్త్ గుంత ఉంటే, పైపు చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చింది, ఎండాకాలంలో అందులో రోజూ ఒక బిందె నీళ్ళు పోయండి. మట్టి ఎండిపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే.

పాలమూరు రైతుబిడ్డ

ఒక్క విషయం నేను కూడా గట్టిగా చెప్పాలె. అడవిపందులు పంట పాడు చేస్తున్నయని పొలం చుట్టూ తీగ కట్టి కరెంటు పెడుతున్నరు. పక్క చేను రైతు, మేకల పిల్లగాడు, ఒక్కోసారి పెట్టినోడే తగిలి చచ్చిపోతున్నరు. ఇది నేరం. సోలార్ ఫెన్సింగ్ వేరు, అందులో సెకనుకోసారి ఒక్క క్షణం మాత్రం పల్స్ పోతది, పంది బెదిరి పారిపోతది, ప్రాణం పోదు. పంట కన్నా మనిషి ఎక్కువ కదా.

తెనాలి శ్రావణి

వెంకట్ గారూ, ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. మీరు చెప్పిన మూడో కారణమే. హాల్లోదే కాదు, పూజగది స్విచ్ కూడా న్యూట్రల్ మీదే ఉందట. రెండూ మార్చాడు, ఇప్పుడు బల్బు పూర్తిగా ఆరుతోంది. మీకు చాలా థాంక్స్.

అక్కడితో ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం. అయితే అది పొద్దున పూట ఒక్కోసారి పడిపోతోంది. వచ్చినతను "సెన్సిటివ్ ఎక్కువ, తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా" అంటున్నాడు. తీయించమంటారా?

వైరింగ్ వెంకట్

వద్దు, అస్సలు తీయించొద్దు. అది పడుతోందంటే చాలావరకు ఏదో ఒకటి లీక్ అవుతోందని చెబుతున్నట్టే. పొద్దున పూట అంటున్నారు కాబట్టి నా అనుమానం గీజర్ మీద. ఇలా చేయండి. కిందున్న ఎంసీబీలన్నీ ఆపండి, ఆర్‌సీసీబీ ఎత్తండి, తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ రండి. ఏది వేసినప్పుడు పడుతుందో ఆ లైనులో లోపం ఉంది. ఆ లైను మీదున్న ప్లగ్గులన్నీ తీసి మళ్ళీ ఒక్కొక్కటీ పెట్టండి, వస్తువు దొరికిపోతుంది. గీజర్ అని తేలితే లోపలి హీటింగ్ కాయిల్‌కి ఉప్పునీళ్ళ వల్ల పైపొర పగిలి నీళ్ళలోకి కరెంటు వస్తోందన్నమాట. కాయిల్ మార్చేదాకా ఎవరినీ ఆ గీజర్ వేసుకుని స్నానం చేయనివ్వకండి.

ఏ వస్తువూ దొరక్కపోతే ఇన్వర్టర్ లైను చూడమనండి. ఇన్వర్టర్ మీదున్న లైట్ల న్యూట్రల్‌ని మామూలు న్యూట్రల్‌తో కలిపేస్తుంటారు, అలా కలిపినా ఆర్‌సీసీబీ పడుతుంది. రెండు న్యూట్రల్‌లూ విడదీస్తే సరిపోతుంది. ఆర్‌సీసీబీ మీద టి అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి, పడాలి. పడకపోతే అది పాడైందని అర్థం, మార్పించండి.

తెనాలి శ్రావణి

గీజరేనండీ. దాని ప్లగ్గు తీసేస్తే పడటం లేదు. స్టవ్ మీద నీళ్ళు కాచుకోమని అమ్మకి చెప్పాను, కాయిల్ మార్చడానికి సోమవారం మనిషి వస్తున్నాడు.